చేను చీర గడప దాటదు

నిన్న పొద్దుమీకి గిచ్చిన మొగ్గకు
తొడిగిన ఎర్రకాయితం తీసి
మగసాలు నుంచి తెంపుకొచ్చిన పువ్వును
మూతికి మూతి ఆనిచ్చి రుద్దుత.
ఒక్క మగపువ్వు, ఐదు ఆడపూలు.
దారం కట్టి ఇంకో చెట్టుకాడికి.
తేనెటీగ చేసే పనిని
కూలికిచ్చిన్రు నాకు.

సాయంత్రం నాతోటి పత్తిచేను ఇంటికొస్తది
జడల, జాకిటి కుట్లల్ల, గోర్ల సందుల
పచ్చటి పొడై.

జూరాల గేట్లెత్తిన నెల.
గాలిని పిండితే నీళ్లు కారేటట్టుంటది.
డబ్బల ఉప్పు ఏడుస్తది.
పడమటి గోడ మీద నల్లచుక్కలు పొడుస్తయి,
నిన్న చారెడు, ఇయ్యాల చాటంత.
ఆ గోడపొంటే పరుశ పండేది.
నడిరాత్రి రెండింటికి
వాని రొమ్ముల పిల్లి కూస్తది.

పోయినేడు నేనేం జేసిన?
ఇల్లు మురికైందనుకున్న.
కిరాణం కొట్ల నీలం సీస, పచ్చ సీస,
మల్లెపువ్వు బొమ్మున్న సీస
అన్నీ తెచ్చి బండల మీద గుమ్మరిచ్చిన.
ఇల్లు గుమగుమలాడింది.
పిలగాడు గుక్క తిప్పుకోలే.

గద్వాల దవాఖాన్ల నర్సు హసీనాబీ
వాని మూతికి గాలిమాస్కు పెట్టి
నా తలకాయ దిక్కు చూసింది.
"జడల గంత పసుపేందమ్మా?"
అది పసుపు కాదని చెప్పనీకె
ఎందుకో సిగ్గయింది.

అప్పటిసంది
చేను చీర గడప దాటదు.
దొడ్ల రేకుల చాటున ఇప్పి, దండెం మీదేసి
నెత్తి మీంచి రెండు బొక్కెన్లు గుమ్మరిచ్చుకున్నంకనే
కొడుకును ముట్టుకుంట.
"అమ్మా ఆగు, తానం జేసినవా?" అంటడు వాడు,
అయ్యగారి లెక్క.

పొడి చీపురు మూలకు పెట్టిన.
దానితో ఊడిస్తే దుమ్ము పోదు,
లేచి, ఇల్లంత తిరిగి, అక్కడనే కూసుంటది
అలిగిన చుట్టమోలె.
తడిగుడ్డ పట్టుకొని గోడకాడ మొదలువెట్టి
వాకిలి దాక ఎనకకెనకకు వస్త.
కుంకుడుకాయల నురుగు, పిడికెడు ఉప్పు,
నిమ్మతొక్కలు బెల్లంనీళ్లల్ల
మూణ్ణెల్లు మురగవెట్టిన కడవ ఒకటి.
దాని మూత తీస్తే మా ఆయన ముక్కు మూసుకుంటడు.
మల్లెపువ్వు బొమ్మ లేదు మరి దాని మీద.

ఏపాకు పొగెయ్యమన్నది పక్కింటి సవారమ్మ.
ఏసిన.
పొగ ఏపదైనా పొగనే గదా,
దగ్గిండు. ఆపిన.

గోడకు ముద్దసున్నం కొట్టిచ్చిన.
రంగు డబ్బకు గోడ ఉక్కిరిబిక్కిరైతది,
సున్నానికైతే ఊపిరి పీలుస్తది అన్నడు మేస్త్రి.
పీల్చనీ,
ఇంట్ల ఒకరన్న.

బొంతలు ఎండకు ఎయ్యాల్నంటే
ఈ నెలల ఎండొచ్చేది పదింటి నుంచి ఒంటిగంట దాక.
పువ్వు నోరు తెరిచేదీ ఆ యాళ్లకే.
అందుకని తిమ్మప్ప ఆటో ఆపి
నలుగురు చూస్తుంటె బొంత భుజానేసుకొని మిద్దెక్కుతడు.
మొదటి దినం నవ్విన్రు.
రెండో వారం ఎదురింటాయన అడిగిండట,
"నీళ్లు ఎంత కాగాలె తిమ్మప్పా, ఉతికేటప్పుడు?"

నేను ఎనిమిదేండ్ల పిల్లప్పుడు
గీ పనికే పిలిచిన్రు.
నా ఎత్తు, చెట్టు ఎత్తు ఒక్కటని
చేను దొర మెచ్చుకునె.
నడుము వంచే పని లేదు, సిన్న ఏళ్లు, సిన్న పువ్వు.
రాత్రి నా రొమ్ముల ఏం కూసిందో
ఎవరు చెవి పెట్టి ఇన్లే.
మా అమ్మ కూడ ఆ యాళ్లకు
బండరాయోలె నిద్రపొయ్యేది.

నిన్న రెండింటికి మెలకువొచ్చింది,
అలవాటుకు.
చప్పుడు లేదు.
భయమై వాని వీపుకు చెవి ఆనిచ్చిన.
గాలి వస్తున్నది, పోతున్నది.
అడుగున ఇంకా సన్నగ
ఎక్కడనో దూరం బాట మీద
కందెన లేని బండి ఇరుసు.
పూర్తిగ పోలే.

బయట దండెం మీద చీర
చీకట్ల కూడ కొంచెం పచ్చగనే ఉన్నది.
ఈ వారం నుంచి
దినానికి ముప్పై రూపాలు పెంచుతరంట.